సెన్సార్ పోయిందట! రుజువేదీ?

కారు సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఈ మాట వినే ఉంటారు. "సెన్సార్ పోయింది సార్, మార్చాలి." పికప్ తగ్గిందా? సెన్సార్. మైలేజీ పడిపోయిందా? సెన్సార్. మిట్టమధ్యాహ్నం ఫ్లైఓవర్ మీద ఆగిపోయి ఎంత సెల్ఫ్ కొట్టినా లేవడం లేదా? అదీ సెన్సారే. ఏ సెన్సార్, ఎందుకు పోయింది, పోయిందని ఎలా తేల్చారు అని అడిగి చూడండి. సర్వీస్ అడ్వైజర్ మొహంలో ముందు ఆశ్చర్యం, ఆ వెనకే జాలి. "స్కానర్‌లో చూపించింది సార్." అయిపోయింది. ఇక వాదనల్లేవు. జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టండి.

నేను పెట్టను. మీరూ పెట్టకండి. స్కానర్ అలా చెప్పదు గనక. ఫలానా సెన్సార్ పోయింది, తీసి పారేసి కొత్తది వేయండి అని ఏ స్కానరూ చెప్పదు. అది చూపించేది ఒక అక్షరం, నాలుగు అంకెలు. పీ0118 అని వచ్చిందంటే, కూలెంట్ ఉష్ణోగ్రత చెప్పే సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనిపిస్తోందని అర్థం. సర్క్యూట్ అంటే ఒక్క సెన్సార్ కాదు. సెన్సార్, దాని మూతికి తగిలించిన కప్లర్, అక్కణ్ణుంచి కంప్యూటర్ దాకా పాకిన రెండు వైర్లు, దారిలో జాయింట్లు, ఎర్త్, చివరికి ఈసీఎం అనే ఆ కంప్యూటర్. వీటిలో ఎవరైనా దోషి కావచ్చు. కోడ్ అనేది ఎఫ్ఐఆర్. ఫలానా చోట నేరం జరిగినట్టుందని రాసుకున్న కాగితం. ఆ కాగితం చేతికి రాగానే అందులో పేరున్నవాణ్ణి తీసుకెళ్లి ఉరి తీసే ఎస్సైని మనం ఏమంటాం? మన వర్క్‌షాపుల్లో రోజూ జరుగుతున్నది అదే. పైగా ఉరితాడు ఖరీదు కూడా మన బిల్లులోనే.

నా గొడవ సెన్సార్ ధర గురించి కాదు. పార్టుకు ధర ఉంటుంది, పనికి కూలి ఉంటుంది, రెండూ ఇవ్వాల్సిందే. నా గొడవంతా బిల్లులో ఆ రెండింటి పైన కూర్చున్న మూడో గీత గురించి. దాని పేరు 'స్కానింగ్' లేదా 'డయాగ్నసిస్'. ఆ డబ్బు నిర్ధారణకు తీసుకుంటున్నారు. నిర్ధారణ మాత్రం చేయడం లేదు. స్టీరింగ్ కింద సాకెట్‌లో ప్లగ్ గుచ్చి, స్క్రీన్ మీద వచ్చిన వరస చదివి, ఆ వరసలో పేరున్న పార్టుకు స్టోర్స్‌లో ఇండెంట్ రాయడం నిర్ధారణ ఎలా అవుతుంది? ఆ చదవడమే అయితే వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక ఉచిత యాప్ చేసిపెడతాయి. వర్క్‌షాపులో జరగాల్సిన అసలు పని కోడ్ చదివిన తర్వాత మొదలవుతుంది. మల్టీమీటర్ పట్టుకోవాలి, కప్లర్ ఊడదీయాలి, వైర్ కొలవాలి. ఆ పనికి ఓపిక కావాలి. సాయంత్రంలోగా ఇన్ని బళ్లు బయటికి పోవాలని టార్గెట్ పెట్టిన చోట ఓపికకు గంట కేటాయించరు. పార్టు మార్చి పంపేస్తారు. చెక్ ఇంజిన్ దీపం మళ్లీ వెలిగితే? "ఇది వేరే సెన్సార్ సార్."

మన ఊళ్లలో వాస్తవం ఏమిటంటే, సెన్సార్ కోడ్ వెనక సెన్సార్ కాకుండా ఎలుక ఉండటం అరుదేమీ కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రంతా వెచ్చగా ఉండే ఇంజిన్ కంటే దానికి మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? బోనెట్ ఎత్తి టార్చి కొట్టి చూస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద ఎలుక పెంటికలు, కొరికిన ప్లాస్టిక్ పొట్టు, తొక్క ఊడిన రాగి తీగ కళ్ల ముందే కనిపిస్తాయి. ఎలుక కాకపోతే వానాకాలం నీళ్లు. కప్లర్‌లో తడి చేరి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. అదీ కాకపోతే ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగిన ఘనుడి పుణ్యం. ఇవన్నీ కంటితో చూసి తేల్చే సంగతులు. వైర్ తెగిన చోట కొత్త సెన్సార్ వేసినా కోడ్ పోదు. పోకపోయినా సెన్సార్ బిల్లు వాపస్ రాదు.

సరే, ఇంట్లో కూర్చుని తేల్చేదెలా? అందరికీ అందుబాటులో ఉన్న కేసునే తీసుకుంటాను, కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్. చిన్న ఇత్తడి లేదా ప్లాస్టిక్ ముక్క. దాని కడుపులో ఉన్నది వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గిపోయే ఒక థర్మిస్టర్, అంతే. ఇది తప్పు చెబితే కంప్యూటర్‌కు వేడి ఇంజిన్ కూడా చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడుతుంది, పొగ నల్లబడుతుంది, వేడి మీద సెల్ఫ్ పట్టదు. చాలా కార్లలో ఈ సర్క్యూట్ తేడా చేస్తే కంప్యూటర్ భయపడి రేడియేటర్ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. తాళం తిప్పగానే చల్లటి బండిలో ఫ్యాన్ హోరున మొదలైతే అనుమానం ఇటే రావాలి.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండి. తెల్లవారి స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి యాప్‌లో లైవ్ డేటా చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, రెండూ ఆ ఉదయం వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. మే నెల పొద్దున్న విజయవాడలో నిలబెట్టిన కారు కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తోందా? అది సియాచిన్ నుంచి రాలేదు, సర్క్యూట్ ఎక్కడో తెగింది. ఇప్పుడు అసలు పరీక్ష. తాళం ఆపి సెన్సార్ కప్లర్ ఊడదీయండి. వైర్ వైపున్న కప్లర్‌లో రెండు పిన్నుల్నీ చిన్న తీగ ముక్కతో కలపండి. మళ్లీ తాళం తిప్పండి. మైనస్ 40 ఉన్న అంకె ఒక్కసారిగా 120, 130 దాటి పైకి పోయిందా? అయితే వైర్లు బాగున్నాయి, కంప్యూటర్ బాగుంది, దోషి సెన్సారే. ఎంత కలిపినా అంకె కదల్లేదా? సెన్సార్‌ను నిందించకండి, తెగింది తీగ. ఒక్క హెచ్చరిక. ఈ కిటుకు రెండు పిన్నుల థర్మిస్టర్‌కు మాత్రమే. మూడు పిన్నుల సెన్సార్‌లో ఐదు వోల్టుల సరఫరాను ఎర్త్‌కు కలిపితే నష్టం మీదే. ఇంకొకటి కూడా ఉంది. కొన్ని కార్లలో కంప్యూటర్ తెలివి ప్రదర్శించి, తెగిన సెన్సార్ స్థానంలో తనే ఒక ఊహా అంకె చూపిస్తుంది. అలాంటప్పుడు ఊడదీసిన కప్లర్‌లో మల్టీమీటర్ పెట్టి చూడండి. ఐదు వోల్టులకు దగ్గరగా ఉంటే కంప్యూటర్ నుంచి కరెంటు వస్తున్నట్టే.

దోషి సెన్సారేనని తేలాక కూడా నమ్మకం కుదరకపోతే విప్పిన సెన్సార్‌ను వంటింటికి తీసుకెళ్లండి. పాత గిన్నెలో నీళ్లు, ఒక థర్మామీటరు, స్టవ్. సెన్సార్ మొన మాత్రం నీళ్లలో మునగాలి, పిన్నులు పైకి ఉండాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. చాలా సెన్సార్లలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్స్ చుట్టుపక్కల మొదలై, 80 డిగ్రీలకు మూడు వందల ఓమ్స్ దరిదాపుల్లోకి దిగుతుంది. మీ కారు మాన్యువల్‌లో అంకెలు వేరే ఉంటే వాటినే పట్టుకోండి. అంకెకంటే నడక ముఖ్యం. నీళ్లు కాగే కొద్దీ మెట్టు తప్పకుండా దిగాలి. మధ్యలో గెంతినా, ఒక చోట చచ్చుబడినా సెన్సార్ పోయినట్టే. ఇదీ రుజువు! స్కానింగ్ ఛార్జీ వసూలు చేసే ఎన్ని చోట్ల ఈ గిన్నె పరీక్ష చేసి చూపించారో మీ అనుభవంలో వెతకండి. ఒక మాట. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

మార్చడం దీనికంటే తేలిక. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం ఎంత తొందరున్నా పక్కన పెట్టొద్దు. వేడి రేడియేటర్ మూత తిప్పినవాడి మొహం మీదికి ఒత్తిడిలో ఉన్న సలసల నీరు ఎగజిమ్ముతుంది. చల్లారాక మూత ఒకసారి తెరిచి బిగిస్తే లోపలి ఒత్తిడి పోతుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. కొత్త సెన్సార్ ఎడమ చేత్తో సిద్ధంగా పట్టుకుని పాతది విప్పండి. చకచకా మారిస్తే కారేది గ్లాసుడు కూలెంట్ కంటే ఎక్కువ ఉండదు. వాషర్ లేదా ఓరింగ్ కొత్తదే వేయాలి. పాతదాన్నే మళ్లీ బిగించే పిసినారితనం రేడియేటర్ ఎండాక తెలుస్తుంది. ప్లాస్టిక్ హౌసింగ్ అయితే బలం చూపించకండి, పగిలితే సెన్సార్‌తో పోయేది హౌసింగ్ దాకా వెళ్తుంది. కూలెంట్ అదే రకంతో నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ తిప్పి, మట్టం చూసుకోండి. కింద కారిన కూలెంట్‌ను గుడ్డతో తుడిచెయ్యండి. అది తియ్యగా ఉంటుంది, సెల్లార్‌లో తిరిగే కుక్కలు, పిల్లులు నాకితే చస్తాయి.

ఇక ఆక్సిజన్ సెన్సార్. అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్నది దీనికే. 1976లో బాష్ తయారు చేసిన లాంబ్డా సెన్సార్‌ను వోల్వో కార్లలో పెట్టి ఇప్పటికి అర్ధ శతాబ్దం. నిన్నగాక మొన్న పుట్టిన మంత్రవిద్య కాదు. పొగ గొట్టంలో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందా గాలి ఎక్కువైందా అని చెబుతుంది. పాత రకం అయితే దాని వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పీ0171 అని కోడ్ వచ్చిందనుకోండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఆ మాట చెప్పింది ఎవరు? ఆక్సిజన్ సెన్సార్. మన వర్క్‌షాపు ఏం మారుస్తుంది? ఆక్సిజన్ సెన్సార్‌నే! నిజమాడితే నిష్ఠూరం అంటే ఇదే. ఎయిర్ ఫిల్టర్ తర్వాతి రబ్బరు గొట్టం చీలి దొంగగాలి లోపలికి పోతోంది మహాప్రభో అని అది మొత్తుకుంటుంటే, దాన్ని పీకి కొత్తదాన్ని బిగిస్తారు. కొత్తదీ అదే మొత్తుకుంటుంది. అదే నిజం గనక.

దీనికీ ఇంట్లో పరీక్ష ఉంది. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు వరసలు ఉంటాయి. కంప్యూటర్ తన లెక్కకంటే ఎంత శాతం పెట్రోలు అదనంగా పోయాల్సి వస్తోందో అవి చెబుతాయి. ఐడిలింగ్‌లో ప్లస్ పది, పదిహేను దాటి, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే మామూలుకు దిగుతోందా? ఎక్కడో గాలి లీకవుతోంది. గొట్టాలు, క్లిప్పులు చూసుకోండి. గాలి కోసం వెతకడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూపించే మొనగాళ్ల వీడియోలు కొన్ని తిరుగుతున్నాయి. వాళ్ల మాట విని ఇల్లు తగలబెట్టుకోకండి. తొక్కినా తగ్గకుండా ఇంకా పెరుగుతోందా? అప్పుడు పెట్రోలు ఒత్తిడి వైపు, ఫిల్టర్ వైపు, పంపు వైపు చూడాలి. ఆ పని ఇంట్లో చేసేది కాదు. మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. కానీ ఏం చూడమని అడగాలో తెలిసి వెళ్తారు. తేడా అంతా అక్కడే.

క్రాంక్ సెన్సార్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది కార్లను నడిరోడ్డు మీద ఆపేస్తుంది. పొద్దున్న బాగానే తిరిగి, ఎండ ముదిరాక ట్రాఫిక్‌లో ఠక్కున ఆగి, నీడలో అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండి. సెన్సార్ లోపలి చుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. వర్క్‌షాపుకు తీసుకెళ్లేసరికి బండి చల్లబడి బుద్ధిమంతురాలవుతుంది, వాళ్లు 'ప్రాబ్లం ఏం లేదు సార్' అంటారు, లేదా ఫ్యూయల్ పంపు మార్చేస్తారు. వేడికి పంపులు కూడా ఇలాగే ఆగిపోతాయి మరి. తేల్చేదెలా? ఆగిపోయిన ఆ క్షణంలోనే, బండిని పక్కకు తోయించి, ఫోన్ తీసి, సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్పీఎం చూడండి. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పుతున్నా యాప్‌లో ఆర్పీఎం సున్నా దగ్గరే ఉంటే కంప్యూటర్‌కు ఇంజిన్ తిరుగుతున్నట్టే తెలియడం లేదు. అనుమానం క్రాంక్ సెన్సార్ మీద, దాని వైరు మీద. రెండు మూడు వందలు చూపిస్తూ కూడా స్టార్ట్ కాకపోతే పంపు వైపు నడవండి. ఈ సమాచారం వర్క్‌షాపులో ఎవరూ పుట్టించలేరు. ఆ ఎండలో బండి పక్కన నిలబడ్డ మీకే దొరుకుతుంది. అందుకే అంటున్నాను, నిర్ధారణలో సగం యజమాని పనే.

క్రాంక్ సెన్సార్ చాలా బళ్లలో ఒకే బోల్టు, 10 నంబరు. ఓరింగ్ గట్టిపడి సెన్సార్ ఇరుక్కుని ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. కొన్నిట్లో పైనుంచే చెయ్యి అందుతుంది, కొన్నిట్లో బండి కిందికి దూరాలి. కిందికి దూరేట్టయితే స్టాండ్లు లేకుండా ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టి దూరకండి. కొన్ని మోడళ్లకు సెన్సార్ మార్చాక స్కానర్‌తో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించే పని ఉంటుంది. మీ కారుకు అది ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంతకీ స్టీరింగ్ కింద ఆ 16 పిన్నుల సాకెట్ ఎవరి సొమ్ము? కంపెనీ దయతలచి పెట్టింది కాదు. కాలిఫోర్నియా గాలి పాడవుతోందని అక్కడి ప్రభుత్వం 1988 మోడళ్ల నుంచి కార్లకు తమ జబ్బు తామే చెప్పుకునే ఏర్పాటు, అంటే ఓబీడీ, ఉండాలంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే రకం సాకెట్, ఒకే భాష తప్పనిసరి అయ్యాయి. రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాలని అక్కడి స్వచ్ఛ వాయు చట్టానికి 1990లో చేసిన సవరణే చెబుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లను అడగండి. పార్టుల దుకాణానికి వెళ్తే కౌంటర్‌లో ఉన్నవాడు బయటికి వచ్చి కోడ్ ఉచితంగా చదివిపెడతాడు. మన దేశంలో ఓబీడీ-1 2010 ఏప్రిల్‌లో, ఓబీడీ-2 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు. నిబంధన తెచ్చారు, సాకెట్ తెచ్చారు, దీపం తెచ్చారు. ఆ దీపం భాష యజమానికి నేర్పించే బాధ్యత మాత్రం ఎవరికీ పట్టలేదు. ఓనర్స్ మాన్యువల్ తెరిచి చూడండి. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే ఏం చేయాలి? "అధీకృత డీలర్‌ను సంప్రదించండి." ఒక్క వాక్యం. అన్ని జబ్బులకూ అదే మందు.

బయట చెయ్యి పడితే వారంటీ పోతుందని బెదిరిస్తారు. ఈ బెదిరింపు గురించి చదువుకున్నవాళ్లకు కూడా తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2011లో షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కార్ల కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు ఇవ్వడం లేదు అన్నది ఫిర్యాదు. విచారణ మూడు కంపెనీలతో మొదలై పెద్దదైంది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పరికరాలు బయట దొరికేలా చూడాలంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గుండుగుత్తగా షరతు పెట్టకూడదు, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ తీసేయొచ్చు అని కూడా చెప్పింది. కంపెనీలు ఊరుకుంటాయా, అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు తప్పేనంటూనే జరిమానా లెక్క తగ్గించింది. కోర్టుల దారి కోర్టులది. కౌంటర్ దగ్గర మాత్రం "వారంటీ పోతుంది సార్" అన్న మాట ఈ రోజుకీ మంత్రంలా పనిచేస్తోంది. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది, అందులో వాహన రంగమూ ఉంది. పోర్టల్ ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. హక్కుకు పరికరం కావాలి, సమాచారం కావాలి, ఇవ్వనివాడికి శిక్ష కావాలి. చట్టం ఏదీ?

పరికరాలకూ సమాచారానికీ కంపెనీలు వేసిన ఈ తాళాల వల్ల అన్నిటికంటే నష్టపోయింది మన ఆటోనగర్ మెకానిక్. కార్బురేటర్ కాలంలో ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పినవాడు అతను. ఈనాడు అతని చేతిలో వైరింగ్ డయాగ్రం లేదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ లేదు. ఉన్నదల్లా ఒక చవక స్కానర్, ముప్ఫై ఏళ్ల చేతి నేర్పు. అయినా కప్లర్ ఊడదీసి, పిన్నులకు టెస్టర్ పెట్టి, వైరు పట్టుకుని అవతలి చివరి దాకా నడిచేది అతనే. "సెన్సార్ బాగుంది అన్నా, ఎర్త్ రావట్లే" అని చెప్పి, ఎర్త్ బోల్టు తుప్పు గీకి, చాయ్ డబ్బులు తీసుకుని పంపించేది అతనే. అందరూ అలాంటివాళ్లని అనను. ఆక్సిజన్ సెన్సార్ పీకేసి దాని చోట డమ్మీ పెట్టి, దీపం బల్బునే పని చేయకుండా చేసే ప్రబుద్ధులూ ఆ బజారులోనే ఉన్నారు. కానీ చదువు అందకుండా తలుపు మూసి, ఆ తర్వాత చదువు రాదని వెక్కిరించడం మాత్రం కంపెనీల పని.

ప్రభుత్వం సంగతి ఇంకా ఘోరం. కాలుష్యం కొలవాలంటూనే కాలుష్యం గురించి కారు స్వయంగా చెబుతున్న మాటను పట్టించుకోదు. పెట్రోలు బంకు పక్కన పీయూసీ వ్యాన్ దగ్గర పొగ గొట్టంలో పైపు పెడతారు, నంబర్ ప్లేటు ఫొటో తీస్తారు, కాగితం ఇస్తారు. మీటర్ బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలుగుతోందా అని ఎవరూ తొంగి చూడరు. కాలిఫోర్నియాలో ఆ దీపం వెలుగుతూ వెళ్తే పరీక్ష ఫెయిల్. పోనీ కోడ్ చెరిపేసి వెళ్దామంటే, లోపలి మానిటర్లు ఇంకా సిద్ధం కాలేదని కారే బయటపెడుతుంది. ఈ తెలివి మన సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్లకైనా రావాలి. అమ్మేవాడు బేరానికి ముందు కోడ్ చెరిపేసి, దీపం ఆర్పి, బండి కడిగి నిలబెడతాడు. మీ అడాప్టర్ గుచ్చి, కోడ్ చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే వరస తెరవండి. ఐదు కిలోమీటర్లని కనిపిస్తే బేరం అక్కడే ఆపండి.

ఇంట్లో చేసుకోమన్నాను గదా అని అన్నిట్లో చెయ్యి పెట్టమని కాదు. డీజిల్ బండిలో ఫ్యూయల్ రైల్ ఒత్తిడి సెన్సార్ జోలికి పోకండి, అక్కడ ఒత్తిడి వెయ్యి బార్ దాటి ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోకండి. సీఎన్‌జీ లైన్లతో ఆటలొద్దు. ఆన్‌లైన్‌లో అసలు ధరలో పావు వంతుకు దొరికే 'ఒరిజినల్' సెన్సార్ కొనకండి. డబ్బా అచ్చు ఒరిజినలే, లోపలిది కాదు. పాత సెన్సార్ మీద పార్టు నంబర్ చదివి, రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో బిల్లు ఇచ్చే దుకాణంలో, సెన్సార్ తయారు చేసిన కంపెనీ డబ్బాలోనే అడగండి. కార్ల కంపెనీ ముద్ర ఉన్న డబ్బాలోని పార్టును తయారు చేసేది చాలాసార్లు ఆ సరఫరాదారే, ధర మాత్రం ముద్రను బట్టి మారుతుంది.

ఇదంతా నా వల్ల కాదు, నాకు టైం లేదు అనేవాళ్లుంటారు. తప్పేం లేదు, వర్క్‌షాపుకే వెళ్లండి. కానీ జాబ్ కార్డ్ మీద సంతకానికి ముందు నాలుగు సంగతులు అడగండి. కోడ్ ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి. ఆ కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం ఎంతో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రింట్ అడగండి. సెన్సార్ పోయిందని ఏ పరీక్షతో తేల్చారో, మీటర్‌లో ఏ అంకె వచ్చిందో అడగండి. మార్చిన పాత పార్టు డిక్కీలో పెట్టమనండి, అది మీ ఆస్తి. పరీక్ష చేయలేదంటే స్కానింగ్ ఛార్జీ కొట్టేయమనండి. కొట్టేయనంటే, కొత్త సెన్సార్ వేశాక అదే కోడ్ మళ్లీ వస్తే, బిల్లూ ప్రింటూ చేతిలో పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. రుజువు చూపించకుండా అడిగే డబ్బు ఇవ్వకండి.